డైక్‌స్ట్రాతో చదువు ఆగిపోదు

గ్రాఫ్ అల్గారిదమ్స్ అంటే ప్లేస్‌మెంట్స్ ముందు నెల రోజులు రుబ్బితే అయిపోయే చాప్టర్ అని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. అందులో కొత్తగా కనుక్కోవడానికేమీ మిగల్లేదనీ, ఏఐ తప్ప దారి లేదనీ నాతో గట్టిగా వాదిస్తారు. అది నిజం కాదు.

గ్రాఫ్‌లో ఒక నోడ్ నుంచి మిగతావాటికి అతి దగ్గరి దారులు కనుక్కునే డైక్‌స్ట్రా పద్ధతి 1959లో అచ్చయింది. అది ప్రతిసారీ మిగిలినవాటిలో అతి దగ్గరి నోడ్‌ను ఎంచుకుంటుంది. అంటే నోడ్‌లన్నిటినీ దూరాన్నిబట్టి సార్ట్ చేసినట్టే. ఆ ఖర్చు తప్పదని దశాబ్దాలపాటు అనుకున్నారు. ఎడ్జ్‌లు తక్కువున్న గ్రాఫ్‌లలో అది తప్పుతుందని చైనాలోని త్సింగ్‌హువా యూనివర్సిటీకి చెందిన రాన్ దువాన్ బృందం 2025లో చూపించింది. అన్నిటినీ వరసలో పెట్టకుండా, మధ్యలో కొన్ని బెల్‌మన్-ఫోర్డ్ అడుగులు వేసి, కీలకమైన కొద్ది నోడ్‌లనే పట్టుకుని ముందుకు వెళ్లింది. బెల్‌మన్-ఫోర్డ్ మన బీటెక్ సిలబస్‌లో ఉన్నదే!

నెట్‌వర్క్‌లో గరిష్ఠంగా ఎంత ప్రవాహం పంపవచ్చో కనుక్కునే మాక్స్ ఫ్లో సంగతి వేరు. 2022లో ఆరుగురు పరిశోధకులు దాన్ని దాదాపు లీనియర్ టైమ్‌లోకి తెచ్చారు. వారిలో సుశాంత్ సచ్‌దేవా ఐఐటీ బాంబేలో చదివినవారు. ఆ పేపర్ అర్థం కావాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్ గట్టిగా రావాలి. మన పిల్లలేమో మ్యాథ్స్‌ను మొదటి రెండేళ్లలోనే అటకెక్కిస్తున్నారు.

ఈ లోటును కోచింగ్ తీర్చదు. ‘అడ్వాన్స్‌డ్ అల్గారిదమ్స్’ పేరుతో వేలకు వేలు గుంజే కోర్సులు చాలావరకు ఇంటర్వ్యూ ప్రశ్నల మూసలే నేర్పుతాయి, ప్రూఫ్ జోలికి పోవు. అప్పు చేసి అందులో చేర్చకండి. ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, ఆర్కైవ్‌లో పేపర్లూ ఉచితమే. డబ్బు కడితే పేపర్‌లో పేరు వేయిస్తామనేవాళ్లను గుమ్మం కూడా తొక్కనివ్వకండి. మంచి ప్రొఫెసర్ చేతిలో అలాంటి పేపర్ పడితే విద్యార్థికే నష్టం.

పరిశోధన దారిలో చదవాలంటే నా మొగ్గు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ), ముంబైలోని టీఐఎఫ్‌ఆర్, ట్రిపుల్ఐటీ హైదరాబాద్ వైపు. సీఎంఐకి సొంత ప్రవేశ పరీక్ష ఉంది. మిగతావాటి అర్హతలు ఆయా వెబ్‌సైట్లలో చూసుకోండి.

పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ కాలమంతా తోటివాళ్ల జీతాలతో పోల్చి పిల్లల్ని పొడుస్తారా? అలాగైతే ఈ దారిలో పెట్టకండి. ఇష్టం లేని పిల్లాణ్ని గొప్ప కోసం ఇటు తోయడమూ అన్యాయమే. ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, నెగెటివ్ వెయిట్లుంటే డైక్‌స్ట్రా ఎందుకు తప్పుతుందో కోడ్ లేకుండా రాయమనండి. రాశాక, మరి అప్పుడేం చేయాలని తనంతట తను అడిగితే 2022లో బెర్న్‌స్టీన్, నానొంకాయ్, వుల్ఫ్-నిల్సెన్ రాసిన పేపర్ చేతికివ్వండి.