తల్లిని వదిలి దూడని కాపాడొద్దు

యాంగాన్

చిట్టితల్లికి చిన మామ్మ ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగం మానేసి విశాఖలో పశువుల ఆశ్రమంలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నా చేత నిన్ను తిట్టించాలని వాడి ఆశ. నేను తిట్టను. 1964లో మీ మామ్మ ఓడెక్కి విశాఖ వచ్చి బర్మా క్యాంపులో సంసారం పెట్టింది. నేను మా నాన్న పాడి పశువులతో ఇక్కడే ఉండిపోయాను. పాలమ్ముకుని బతికినదాన్ని గనక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలను.

నువ్వు పంపిన లెక్కల కాగితం చూశాను. ఆవులెన్ని, దూడలెన్ని, మేకలెన్ని, అన్నీ ఉన్నాయి. ఏ దూడ ఏ ఆవుదో మాత్రం లేదు. ఆ పుస్తకంలో ముందు ఇంకో గడి గీయి: దీని తల్లి ఎవరు, దీని బిడ్డ ఎక్కడ. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడులు చూస్తేనే మీరు కాపాడింది ఎంతో, సగంలో వదిలేసింది ఎంతో తెలుస్తుంది.

మన సింహాచలం సంగతే చూడు. అప్పన్నకి కోడెదూడని మొక్కుకోవడం మన వైపు తాతల నాటి అలవాటు. బతికే ఈడు వచ్చిన దూడని ఇస్తే ఎవరూ కాదనరు. పాలు మానని పసిదాన్ని తెచ్చి గుడి దగ్గర వదిలేసేవాళ్ళ మాట ఏమిటి? తల్లి ఇంట్లోనే ఉంటుంది, పాలూ ఇంట్లోనే ఉంటాయి. మొక్కు దేవుడికి, పొదుగు మనకి! అంత చిన్న దూడలకి గోశాలలో ఎంత గడ్డి వేస్తే ఏం లాభం, నమలడం రావాలి కదా. మీ దగ్గరికి అలాంటి దూడ వస్తే తెచ్చినవాణ్ణి తిట్టకు. తల్లిని కూడా తోలుకురమ్మని అడుగు. ఇవ్వనంటే కనీసం పూటపూటా పాలు పంపమను. సిగ్గుపడి పంపేవాళ్ళు కొందరుంటారు.

ఇక్కడ బౌద్ధులు పుట్టినరోజులకీ, పున్నములకీ కబేళాకి పోయే పశువుని కొని విడిపిస్తారు. జీవితదానం అంటారు. విడిపించినదాన్ని చంపనని, అమ్మనని మాట తీసుకుని రైతుకి అప్పగిస్తారు. మంచి ఆచారం. మోంయ్వా వైపు లెడీ సయాడో అనే పెద్ద భిక్షువు 1885 ప్రాంతంలో, పొలం దున్ని మనల్ని పోషించే పశువుని తినొద్దని ఒక లేఖే రాశాడు. అయితే 2014 తర్వాత మబథా అనే భిక్షువుల సంఘం ఐరావతి వైపు ఈ జీవితదానాన్నే పట్టుకుని, కబేళాల లైసెన్సులు చేజిక్కించుకుని ముస్లిం వ్యాపారుల పొట్ట కొట్టింది. అందులో ఆవు మీద జాలి ఎంతో, మనిషి మీద కక్ష ఎంతో నేను తూచలేను. మీ ఆశ్రమానికి చందాలిచ్చేవాళ్ళలోనూ అలాంటివాళ్ళు వస్తారు. డబ్బు కన్నా ముందు వాళ్ళ మాట విను.

ఇక పని సంగతి. ఎర్రావు నిండు చూడితో వచ్చిందని రాశావు. అది ఈనే రోజు మీరంతా ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగొద్దు. దూడ పడగానే తల్లి నాకాలి. ఆ వాసనతోనే తన బిడ్డని పట్టుకుంటుంది. పుట్టిన వెంటనే అయిదు నిమిషాలు దగ్గరున్నా ఆ గుర్తు పడుతుందని పరిశోధకులు తేల్చారు. ఆ అయిదు నిమిషాలూ మనవి కావు. ముర్రుపాలు మాత్రం గంట, రెండు గంటల్లో దూడ కడుపులో పడేలా చూడు. మనుషుల్లో లాగా ఆవు కడుపులో ఉండగానే బిడ్డకి రోగాలని ఆపే శక్తి అందదు, అంతా ఆ ముర్రుపాలలోనే వెళ్ళాలి. ఒక రోజు దాటితే దూడ పేగులు దాన్ని లోపలికి రానివ్వవు.

తొలిచూలు ఆవైతే భయపడి దూడని తన్నొచ్చు. దాన్ని చెడ్డతల్లి అనకు, ఎవరినీ అననివ్వకు. దూడ వీపు మీద కాస్త ఉప్పో తవుడో చల్లు, నాకడం మొదలుపెడుతుంది. దూడ చచ్చిన ఆవూ, తల్లి లేని దూడా ఒకేసారి ఉంటే కలపడానికి చూడు. అనాథ దూడకి ఆ ఆవు ఉమ్మనీరు పూస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెడితే ఆవు చేపుతుందని మా రోజుల్లో పాలవాళ్ళందరికీ తెలుసు. పాల కోసం ఆడిన ఆ నాటకాన్ని నువ్వు ఒక దూడ ఆకలి తీర్చడానికి వాడుకో, తప్పులేదు.

కోళ్ళూ, పందులూ కూడా వస్తున్నాయన్నావు. పంది ఈనే ముందు రోజంతా గడ్డి పోగేసి గూడు కడుతుంది, చేతినిండా ఎండుగడ్డి వెయ్యి. కోడికి తెలివి లేదనేవాళ్ళకి ఇది చెప్పు: 2011లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కోడిపిల్లల మీద గాలి ఊది చూస్తే, పక్కనున్న పెట్టకి గుండె వేగం పెరిగింది.

ఇంత చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాలి. దూడలు ముద్దొస్తున్నాయని కొత్త చూళ్ళు కట్టించకండి. ఆశ్రమంలో పుట్టే ప్రతి దూడా కబేళా వాకిట్లో నిలబడ్డ ఇంకో దూడ చోటు తీసుకుంటుంది. కోడెలకి డాక్టరు చేత విత్తులు నొక్కించండి. కడుపుతో వచ్చినవి ఈనుతాయి, ఈనిన బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. అంతే హద్దు. మీ దేశంలో 2001లో వచ్చిన కబేళా నిబంధనలే చూడి పశువునీ, మూడు నెలలు నిండని పిల్లనీ, అలాంటి పిల్ల ఉన్న తల్లినీ కొయ్యొద్దంటాయి. కబేళాకే ఆ జంట లెక్క ఉన్నప్పుడు ఆశ్రమం పుస్తకంలో లేకపోతే ఎలా?

చూడడానికి వచ్చినవాళ్ళకి ఆవు కన్నీళ్ళ కథలు చెప్పకు. దూడని వేరు చేస్తే రోజుల తరబడి అరుస్తుందని చెప్పు, అది నిజం, అది చాలు.

ఎర్రావు ఈనాక మాయ పన్నెండు గంటల్లో పడకపోతే లాగొద్దు, డాక్టరుకి ఫోన్ చెయ్. ఆ నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు, రాత్రి కాపలావాడికి కూడా కనిపించేలా.

నీ
చిన మామ్మ