పుట్టిన బిడ్డకు మొదటి 48 గంటలు: దవాఖాన వదిలే ముందు నేర్చుకోవలసినవి

ఆత్మకూర్ మండలంలోని గర్భిణులకు, బాలింతలకు, వాళ్ల అమ్మలకు, అత్తలకు...

కాన్పు మంచిగా అయింది, ఇంక ఇంటికి పోదాం అని చాలామంది తొందరపడతారు. ఇంటి దగ్గర పెద్దపిల్లలు ఉంటారు, పొలం పని ఉంటుంది. అయినా కనీసం 48 గంటలు దవాఖానలోనే ఉండండి. పసిబిడ్డకు ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లోనే. ఏదైనా తేడా వస్తే పక్కనే నర్సమ్మ, డాక్టర్ ఉంటారు.

ఖర్చు భయం వద్దు

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం. బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది వయసు వరకు చికిత్స కూడా ఉచితమే. ఇంటికి చేర్చడానికి 102 వాహనం ఉంది.

దవాఖానలో జరగవలసినవి

1. పుట్టిన వెంటనే బిడ్డను తుడిచి, తల్లి ఛాతీ మీద పడుకోబెట్టాలి. ఒంటి వేడి నిలబడుతుంది.
2. గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం ఏదీ నాకించవద్దు.
3. బరువు తూచాలి. రెండున్నర కిలోల కన్నా తక్కువుంటే బిడ్డను ఛాతీకి హత్తుకుని ఉంచే పద్ధతి నర్సమ్మను అడిగి నేర్చుకోండి.
4. విటమిన్-కె సూది, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా వేయించాలి. హెపటైటిస్-బి 24 గంటల్లోపే పడాలి.
5. మొదటి రోజు స్నానం వద్దు. బొడ్డుకు పసుపు, నూనె, బూడిద పెట్టవద్దు. పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది.

"నెమ్మదైన బిడ్డ" అని మురిసిపోకండి

"మా పిల్ల ఏడవనే ఏడవదు, పొద్దంతా పండుకుంటది" అని కొందరు సంతోషంగా చెబుతారు. పాలకు కూడా లేవకుండా, లేపినా మెత్తగా పడి ఉంటే అది నెమ్మదితనం కాదు, జబ్బు గుర్తు. పసిబిడ్డ నొప్పి చెప్పలేదు. పాలు మానడమే దాని మాట.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

• పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం
• నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం, పక్కటెముకల కింద గుంట పడటం. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట చూస్తూ, ఫోన్‌లో నిండు నిమిషం పెట్టుకుని లెక్కపెట్టండి.
• ఒళ్లు కాలడం లేదా చేతులు, కాళ్లు, పొట్ట చల్లబడటం
• మొదటి రోజే ఒళ్లు పచ్చబడటం, లేదా ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం
• ఫిట్స్, బొడ్డు నుంచి చీము

రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. తెల్లవారే దాకా చూద్దాం అనుకోవద్దు. దారిలో బిడ్డను ఛాతీకి హత్తుకుని, పైన బట్ట కప్పి తీసుకెళ్లండి.

ఇంటికి వచ్చాక

3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డను విప్పి చూపించండి, బరువు తూయించండి. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి. అది మీ హక్కు.

దవాఖాన గడప దాటే ముందు మిమ్మల్ని మీరు అడుక్కోండి: బిడ్డ బరువెంత? ఏ టీకాలు పడ్డాయి? ఆశా నంబర్ ఫోన్‌లో ఉందా? మూడింటికీ జవాబు తెలిస్తేనే బయలుదేరండి.

ఈ పేజీని మీ ఇంట్లో పెద్దమ్మకు, అత్తమ్మకు చదివి వినిపించండి.