పొలంబడియు, రైతు ఆత్మవిశ్వాసమును

శిక్షణ తరగతికి పోయివచ్చిన రైతును చూచి "ఏమి నేర్చితివి?" అని మన మడుగుదుము. అతడు తన్ను గూర్చి తానేమి తలచుచున్నాడో అడుగము. "నాకేమి తెలియును? అంగడివా డిచ్చిన మందు చల్లుదును" అనువాడు తన పొలమును తాను పరీక్షింపడు. కావున ఈ తలంపు సంగతి మన సభ్యులు విచారింప వలసియున్నది.

ఇండొనేషియా దేశమున సుడిదోమ వరిపంటను పాడుచేయుచుండెను. మందు చల్లినకొలది దోమను తిను సాలీళ్లు మున్నగునవి చచ్చి, దోమ మరింత ప్రబలెను. 1986లో అచ్చటి ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. 1989లో ఐక్యరాజ్య సమితివారి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అచ్చట రైతుల బడులు ప్రారంభమయ్యెను. తరువాత తెలుగునాటను ఇట్టివి పొలంబడి యను పేర నడచినవి.

ఈ బడిలో సుమారు 25 మంది రైతులు పంటకాలమంతయు వారమున కొకసారి పొలమువద్ద కూడుదురు. చిన్న జట్లుగా మడిలో దిగి, వరి దుబ్బులను పరీక్షించి, చెరుపు పురుగులను, మేలుచేయు పురుగులను లెక్కింతురు. చూచినదానిని కాగితముపై బొమ్మగా గీసి తక్కినవారికి వివరింతురు. మందు చల్లవలెనో వలదో తామే చర్చించి నిర్ణయింతురు. బోధకుడు బదులు చెప్పుటకంటె ప్రశ్నించుటయే హెచ్చు.

పదిమందిలో ఎన్నడును నోరు విప్పనివాడు ఇచ్చట తన లెక్కను తానే చెప్పవలెను. ఇతరులు ఆక్షేపింతురు. అతని మాట నిజమో కాదో మరుసటి వారము పొలమునందే తేలును. ఇట్లు కొన్ని వారములు గడచునప్పటికి, తాను కేవలము వినువాడు కాడనియు, పరిశీలించి నిర్ణయింప గలవాడనియు అతనికి తోచును.

అయితే ధైర్యము కలిగినంతమాత్రమున ఫలము చేకూరినట్లు కాదు. ఇండొనేషియా బడులను గూర్చి 2004లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున, శిక్షితుల దిగుబడియందు గాని మందుల వాడుకయందు గాని చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. మందుల వాడుక తగ్గినదని చూపిన పరిశోధనములును గలవు. తరగతి ముగిసిన దినమున కలుగు ఉత్సాహమును మాత్రమే నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

కావున పొలంబడికి పోవు ప్రతి సభ్యుడును ఒక మడిని నేర్చిన పద్ధతిచొప్పునను, వేరొక మడిని పాత పద్ధతిచొప్పునను సాగుచేసి, రెంటి ఖర్చును, రాబడిని వ్రాసి యుంచవలెను. నూర్పిళ్లు కాగానే ఆ లెక్కలను సంఘ సమావేశమున చదువవలెను. నష్టము వచ్చినను దాచక చెప్పవలెను. అట్లు చేసినచో ఆ రైతు ధైర్యము గట్టిపడును. అతని అనుభవము సంఘమున కంతటికిని అక్కరకు వచ్చును.