ఫ్రెంచి శ్రవణాభ్యాసంలో సంహితా సమస్య: గానం, వార్త, హాస్యం

సంస్కృత వాఙ్మయ పరిశోధనలో ఫ్రెంచి భాషకు గల స్థానం ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు తెలియనిది కాదు. 1814లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాఁస్ అనే విద్యాపీఠంలో సంస్కృతాచార్య పదవి ఏర్పడింది. యూరప్‌లో అట్టి పదవులలో అదే మొదటిది. సిల్వేఁ లెవీ భారతీయ నాటకాన్ని గురించి 1890లో ప్రకటించిన గ్రంథమూ, లూయీ రెను అష్టాధ్యాయికి చేసిన అనువాదమూ ఫ్రెంచిలోనే వెలువడ్డాయి. 1955లో ఝాఁ ఫిలియోజా నాయకత్వాన పుదుచ్చేరిలో నెలకొన్న ఫ్రెంచి పరిశోధన సంస్థ దాక్షిణాత్య శాస్త్రగ్రంథాల పరిష్కరణకు కేంద్రమైంది. తెలుగువారికి ఈ భాష బొత్తిగా అపరిచితమూ కాదు. గోదావరీ తీరాన ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉండేది.

ఈ గ్రంథాల కోసం ఫ్రెంచి నేర్చిన సంస్కృతజ్ఞులు సాధారణంగా నిఘంటువు, వ్యాకరణం సాయంతో నేర్చుకొంటారు. రెండు మూడు సంవత్సరాలలో రెను వాక్యం చదివి అర్థం చేసుకొనగల శక్తి అలవడుతుంది. అదే వాక్యాన్ని ఒక సదస్సులో ఫ్రెంచి విద్వాంసుడు పలికితే మాత్రం అందులో రెండు పదాలైనా పట్టుబడవు. విషయం తెలుసు, పదాలు తెలుసు, వ్యాకరణం తెలుసు. అయినా అడిగిన ప్రశ్న ఏదో తెలియక సభలో మౌనం వహించవలసి వస్తుంది. దీనికి కారణం పదజాల దారిద్ర్యం కాదు. సంహితారూపంలో వచ్చిన వాక్కును పదాలుగా విడదీసే అలవాటు చెవికి లేకపోవటమే కారణం. ఆ అలవాటును గానం, టెలివిజన్ వార్త, హాస్యం అనే మూడు సాధనాలతో క్రమంగా కలిగించుకొనే విధానం ఈ వ్యాసంలో నిరూపించబడుతున్నది.

ఫ్రెంచి వాక్కులో సంహిత

వర్ణాల అత్యంత సామీప్యమే సంహిత అని పాణినీయ సిద్ధాంతం. లిఖిత ఫ్రెంచిలో పదాల మధ్య ఖాళీ ఉంటుంది. పలికే ఫ్రెంచిలో అది ఉండదు. కొన్ని పదాలు ఒకే శ్వాసలో ఒక గుచ్ఛంగా వస్తాయి, ఊనిక ఆ గుచ్ఛం చివరి అక్షరం మీద పడుతుంది. పదాంతం ఎక్కడో చెప్పే గుర్తు చెవికి వేరే దొరకదు.

ఉదాహరణలకు ముందు లిపి సంకేతం చెప్పుకొనటం అవసరం. ఈ వ్యాసంలో ఫ్రెంచి ఉదాహరణలలోని జకారం నాదంతో కూడిన సకారానికి, ఝకారం నాదంతో కూడిన శకారానికి, అరసున్న అనునాసికాచ్చుకు సంకేతాలు.

బహువచన నిర్దేశకం 'లె', మిత్రవాచకం 'అమి'. రెండూ కలిస్తే 'లెజమి'. ఈ జకారం ఆగమం కాదు. 'లె' చివర పూర్వం పలికి, తరువాత లోపించిన సకారమే అచ్చు పరమైనప్పుడు నాదం పొంది మరల కనబడుతున్నది. దీనిని ఫ్రెంచి వారు 'లియెజోఁ' అంటారు. 'గొప్ప' అనే అర్థంలో 'గ్రాఁ' చివర దకారం వ్రాస్తారు, పలుకరు. 'మనిషి' అనే అర్థం గల 'ఒమ్' పరమైతే అది తకారంగా వినబడి 'గ్రాఁతొమ్' అవుతుంది.

సంధి నిషేధం కూడా ఉన్నది. వీరవాచకం 'ఎరో'కు ముందు హకారం వ్రాస్తారు. అది పలుకకపోయినా సంధిని అడ్డుకొంటుంది. కాబట్టి 'వీరులు' అంటే 'లె ఎరో'. అక్కడ సంధి చేస్తే 'లెజెరో', అనగా 'సున్నలు' అవుతుంది. 'హరీ ఏతౌ' వంటి ప్రగృహ్య స్థలాలు ఎరిగిన వారికి ఇది వింత కాదు. ప్రగృహ్యంలో నిషేధానికి కారణం పూర్వపదం, ఇక్కడ పరపదం. అంతే భేదం.

ఈ సూక్ష్మ భేదాలు వ్యవహారంలో ఎంత దూరం పోతాయో చూడదగును. 'ఇల్‌జోఁ' అంటే 'వారికి ఉన్నది', 'ఇల్‌సోఁ' అంటే 'వారు అయి ఉన్నారు'. నాదం ఒక్కటే తేడా. 'దొజర్' రెండు గంటలు, 'దూజర్' పన్నెండు గంటలు. ఒక్క అచ్చు వినటంలో పొరపడితే సభకు పోవలసిన వేళ తప్పుతుంది.

తెలుగు చెవికి రెండు ప్రత్యేక క్లేశాలు ఉన్నాయి. మొదటిది అనునాసికాచ్చు. ముఖంతోను, నాసికతోను కలిసి పలికేది అనునాసికమని శాస్త్రం తెలిసినా, సున్న కనబడగానే నకారమో మకారమో పలికే అలవాటు బలమైనది. 'మంచి' అనే విశేషణం పుంలింగంలో 'బొఁ', స్త్రీలింగంలో 'బొన్'. నకారం చేర్చి విన్నవాడు లింగాన్నే మార్చి విన్నట్లు. రెండవది ఇకారానికి వలె నాలుకను నిలిపి, ఉకారానికి వలె పెదవులను ముడిచి పలికే అచ్చు. దీనికి తెలుగు లిపిలో గుర్తు లేదు. 'పైన' అనే పదాన్నీ, 'కింద' అనే పదాన్నీ తెలుగులో 'దసు' అనే వ్రాయవలసి వస్తుంది. వాటిని వేరు చేయగలది చెవి ఒక్కటే.

వృత్తిత్రయం

శిష్యోపదేశానికి విలంబిత వృత్తి, వ్యవహారానికి మధ్యమ వృత్తి, అభ్యాసానికి ద్రుత వృత్తి అని ప్రాతిశాఖ్య సంప్రదాయం విధించింది. ఫ్రెంచి శ్రవణానికి ఈ విభాగం చక్కగా సరిపోతుంది. పాట విలంబితం, వార్త మధ్యమం, హాస్యం ద్రుతం.

ఫ్రెంచిలో అనేక పదాల చివర ఒక హ్రస్వ, అస్ఫుటమైన అచ్చు వ్రాయబడుతుంది. మాటలో అది తరచు లోపిస్తుంది. ప్రాచీన ఛందస్సులో హల్లు పరమైనప్పుడు అది ఒక అక్షరంగా లెక్కకు వస్తుంది. పాట చాలవరకు ఆ సంప్రదాయాన్నే అనుసరిస్తుంది. 'ఒక చిన్న పిల్ల' అనే అర్థం గల పదాలు పద్యంలో 'ఉ-న-ప-తి-త-ఫీయ్' అని ఆరు అక్షరాలు. మాటలో 'ఉన్-ప్తిత్-ఫీయ్' అని మూడే. అనగా పాటలో పదావయవాలు విప్పి చూపబడతాయి. శ్రోతకు ఇది పదపాఠానికి దగ్గరి మెట్టు.

ఇందుకు ఝోర్ఝ్ బ్రసేఁస్ (1921–1981) పాటలు ఎంతో అనుకూలం. వాద్యం స్వల్పం, ఉచ్చారణ స్ఫుటం, లయ స్థిరం. పదిహేనవ శతాబ్ది కవి వీయోఁ రచనకు, ఇరవయ్యవ శతాబ్ది కవి అరగోఁ రచనకు ఆయన బాణీలు కట్టాడు. కాబట్టి శ్రోతకు భాషతోపాటు కావ్యపరంపర కూడా పరిచయమవుతుంది. ఎదిత్ ప్యాఫ్ (1915–1963) పాటలు కూడా వినదగినవే. అయితే ఆమె రేఫను విశేషంగా కంపింపజేస్తుంది. అది నేటి సామాన్య వ్యవహారానికి ఆదర్శం కాదు. పాటను చెవి తెరవటానికే గ్రహించాలి, మాట్లాడటానికి ప్రమాణంగా కాదు.

రెండవ మెట్టు వార్త. వార్తాపాఠకుడు సంధులను శ్రద్ధతో పాటిస్తాడు. వేగం వ్యవహారానికి తగినంత. తెర మీది దృశ్యం అర్థానికి ఊత ఇస్తుంది. ఒక్క దినం వార్తలలో అవే పేర్లు, అవే పదబంధాలు పలుమార్లు రావటం అభ్యాసికి పునశ్చరణ వంటిది. 1984లో ప్రసారాలు ఆరంభించిన టీవీ 5 అనే ఫ్రెంచి టెలివిజన్ వ్యవస్థ అనేక దేశాలకు ఈ సాధనాన్ని అందుబాటులోకి తెచ్చింది. ఫ్రెంచి అంతర్జాతీయ రేడియో 2001లో సులభ ఫ్రెంచిలో వార్తలు ప్రారంభించింది. అవి విలంబితానికీ మధ్యమానికీ నడుమ వంతెన వంటివి.

విన్నదానిని వ్రాయటం ఫ్రెంచి వారికే ఒక పరీక్ష. సాహిత్యగోష్ఠులను టెలివిజన్‌లో చిరకాలం నిర్వహించిన బెర్నార్ పివో (1935–2024) 1985 నుండి వర్ణక్రమ పోటీలు నడిపాడు. ఆయన పాఠం చదువుతుండగా దేశమంతటా ప్రేక్షకులు ఇళ్లలో కూర్చుని వ్రాసేవారు. మాతృభాషీయులే తప్పులు వ్రాసేవారంటే ఆ భాషలో ధ్వనికీ లిపికీ గల దూరం తెలుస్తున్నది.

మూడవది హాస్యం. ఇక్కడ సంహిత పరాకాష్ఠకు చేరుతుంది. 'నాకు తెలియదు' అనటానికి వ్యాకరణ గ్రంథంలో 'ఝ న సె ప' అని ఉంటుంది. ఇంటిలో, వీధిలో అది 'శెప'. మొదట నిషేధార్థకమైన 'న' లోపించింది, 'ఝ'లోని అచ్చు పోయింది. మిగిలిన ఝకారం శ్వాసవర్ణమైన సకారం పరం కాగా నాదం కోల్పోయి శకారమై, సకారాన్ని తనలో కలుపుకొన్నది. 'తద్ సత్' అనేది 'తత్సత్' అయ్యే చర్త్వ ప్రక్రియ తెలిసినవారికి ఇందలి నాదలోపం సుబోధం. కాని నిషేధం కోసం 'న' వినబడాలని ఎదురుచూసేవాడు 'తెలియదు' అన్న మాటను 'తెలుసు' అని గ్రహించే ప్రమాదం ఉన్నది. నిషేధం చివరి 'ప'లోనే నిలిచిందని అతని చెవికి తెలియాలి.

1999 నుండి 2003 వరకు ఫ్రాన్సు రెండవ ఛానలులో వచ్చిన 'అఁ గా, ఉన్ ఫీయ్' అనే చిన్న హాస్యధారావాహిక ఇందుకు తగినది. ఇద్దరి గృహజీవన సంభాషణే దాని వస్తువు. ఒక్కొక్క భాగం కొద్ది నిమిషాలే గనుక ఆవృత్తికి వీలుంటుంది. దీని మూలరూపం కెనడాలోని కెబెక్‌లో పుట్టింది. రెండింటినీ విన్నవారికి దేశభేదాన ఉచ్చారణభేదం ఎట్టిదో బోధపడుతుంది.

శబ్దహాస్యం దీనికి పై మెట్టు. బెల్జియంలో జన్మించి ఫ్రాన్సులో ప్రసిద్ధి పొందిన రేమొఁ దెవోస్ (1922–2006) ఒక హాస్యప్రసంగాన్ని 'కాఁ' అనే ధ్వని మీద నడిపాడు. అది ఒక ఊరి పేరు, 'ఎప్పుడు' అనే ప్రశ్నకూడా. ఆ ఊరికి బండి కావాలన్నవాడి మాట ఎదుటివాడికి కాలప్రశ్నగా వినబడుతుంది. శ్వేతవర్ణం గలది పరుగెత్తుతున్నదని గాని, కుక్క ఇక్కడి నుండి పరుగెత్తుతున్నదని గాని పదచ్ఛేదాన్ని బట్టి అర్థమిచ్చే మహాభాష్య వాక్యం వైయాకరణులకు పరిచితమే. దెవోస్ హాస్యానికి, ఆ వాక్యానికి మూలం ఒకటే: ధ్వని ఒకటి, అర్థాలు రెండు.

బొబీ లప్వేఁత్ (1922–1972) పాటలలో ఇది సభంగశ్లేషగా పరిణమించింది. 1960 నాటి 'తిరే సుర్ ల ప్యానిస్త్' చలనచిత్రంలో ఆయన పాడిన పాట మాటలు తెలియటం లేదని నిర్మాత అభ్యంతరం చెప్పగా, దర్శకుడు త్రుఫో పాటను తీసివేయక మాటలను తెర అడుగున అక్షరాలుగా వేయించాడు. ఫ్రెంచి చిత్రంలో ఫ్రెంచి పాటకు ఫ్రెంచి ప్రేక్షకుల కోసం పదపాఠం చూపవలసి వచ్చిందన్నమాట. పరదేశీయుడు తన చెవి మందమని కుంగిపోవలసిన పని లేదు.

ఆక్షేపాలు, సమాధానాలు

పాణినీయశిక్ష పాడుతూ చదివేవాడిని, తొందరగా చదివేవాడిని అధమ పాఠకులలో చేర్చింది. మరి పాటను, వేగవంతమైన హాస్యాన్ని విద్యాసాధనంగా ఎట్లా చెప్పవచ్చునని శంక. ఆ నియమం పాఠకుడికి, శ్రోతకు కాదు. శ్రోత అన్ని వృత్తులనూ గ్రహించగలగాలి. అదే శిక్ష వ్రాసినది చూచి చదివేవాడిని కూడా అధముడనే అన్నది. తెర అడుగున ఇంగ్లీషు అనువాదం పెట్టుకొని చూడటం ఆ కోవలోనిదే. కన్ను అర్థం చెప్పగానే చెవి పని మానుతుంది. ఫ్రెంచిలోనే వేసిన పంక్తులు రెండవ మారు పోల్చుకొనటానికి పనికివస్తాయి. కాని స్థలాభావం వలన వాటిలో మాటలు కుదించబడటం కద్దు. వాటిని యథార్థ పాఠమని నమ్మరాదు.

హాస్యం, పాట శాస్త్రజ్ఞులకు తగవని మరొక ఆక్షేపం. ప్రహసనాన్ని దశరూపకాలలో గణించిన సంప్రదాయానికి, 'రాఘవపాండవీయము' వంటి ద్వ్యర్థికావ్యాన్ని ఆదరించిన భాషకు ఈ ఆక్షేపం నిలువదు.

అభ్యాస క్రమం

ఒక నిమిషం నిడివి గల భాగం చాలు. దానిని అయిదు ఆవృత్తులు వినాలి. మొదటి మారు అర్థం వెదకక, ఎన్ని శ్వాసగుచ్ఛాలు ఉన్నాయో లెక్కించాలి. రెండవ మారు తెలిసిన పదాలను గుర్తించాలి. మూడవ మారు ఆపుతూ విన్నంత వ్రాయాలి. నాలుగవ మారు ముద్రిత పాఠంతో సరిచూడాలి. అయిదవ మారు దానితో కలిసి, సంహితగానే, పైకి పలకాలి.

సరిచూచేటప్పుడు తప్పులను నాలుగుగా విభజించటం ముఖ్యం: సంధి వలన తప్పినవి, అచ్చు గుర్తించక తప్పినవి, వర్ణలోపం వలన తప్పినవి, పదం తెలియక తప్పినవి. చివరి వర్గానికి మాత్రమే నిఘంటువు మందు. మొదటి మూడింటికి ఆవృత్తి తప్ప వేరు ఉపాయం లేదు. ఈ విభాగం చేయనివారు వినబడని ప్రతిదీ తెలియని పదమే అనుకొని పదజాలం కంఠస్థం చేస్తూ ఏళ్లు గడుపుతారు. ఒక భాగంలో మొదటి మూడు వర్గాల తప్పులు తగ్గిన తరువాతనే తరువాతి వృత్తికి పోవాలి.

పుదుచ్చేరిలో ఫ్రెంచి విద్వాంసులు సంప్రదాయ పండితుల సరసన కూర్చుని శాస్త్రవాక్యాలను చెవితో విని, ఏ పదం ఎక్కడ విరుగుతుందో అడిగి తెలుసుకొని గ్రంథాలు పరిష్కరించారు. వారి గ్రంథాలను కంటితో చదివే సంస్కృతజ్ఞులు వారి మాటను చెవితో వినగలిగినప్పుడు, సందేహం కలిగిన చోట అక్కడికక్కడే ప్రశ్న వేయగలుగుతారు. అనువాదంలో పోయినదేదో, విభేదించవలసినదెక్కడో అప్పుడే తేలుతుంది. సంధిశాస్త్రం ఎరిగినవారికి ఈ శ్రమలో సగం ముందే తీరి ఉన్నది. మిగిలిన సగం దినానికి అరగంట శ్రవణం.