చుక్క ఎక్కడ పుట్టింది?



ఉద్యోగంలో చేరాక ఇది నా ఐదో ఊరు. నాగపూర్ నుంచి ఒడిశాకు, అక్కడి నుంచి ఇప్పుడున్న ఖరగ్‌పూర్‌కు బదిలీ అయినప్పుడు సామాను లారీలో వచ్చింది, నేను నా పాత కారులో వచ్చాను. పోయిన వేసవిలో ఒక ఉదయం ఆ కారు కింద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ కనిపించింది. తుడిచేశాను. మర్నాడు మళ్ళీ కనిపించింది. ఆ మచ్చ వెంట పడి నేను నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

చుక్కే కదా అనుకోవద్దు

ఇంజన్ లోపల లోహపు భాగాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిమిషానికి వేలసార్లు కదులుతాయి. వాటి మధ్య పలుచని పొరలా నిలిచి రాపిడిని తగ్గించేది, వేడిని మోసుకుపోయేది ఇంజన్ ఆయిల్. అది బాగా తగ్గిపోతే లోహం లోహాన్ని కొరికి ఇంజన్ బిగుసుకుపోతుంది. దాన్నే మెకానిక్కులు "సీజ్ అయింది" అంటారు. ఆ మరమ్మతు ఖర్చుతో మరో పాత కారు కొనుక్కోవచ్చు.

ఒక చిన్న లెక్క చేద్దాం. నిమిషానికి ఒక చుక్క కారుతోందనుకోండి. రోజుకు 1,440 చుక్కలు. మందుల లెక్కలో లాగా 20 చుక్కలను 1 మిల్లీలీటరుగా తీసుకుంటే రోజుకు 72 మిల్లీలీటర్లు. 30 రోజులకు 2,160 మిల్లీలీటర్లు, అంటే రెండు లీటర్ల పైమాటే. చిన్న కారు ఇంజన్‌లో పట్టే నూనె సుమారు మూడు లీటర్లు మాత్రమే!

ముందు తేల్చుకోవలసినవి

కారు కింద కనిపించే ప్రతి తడీ ఇంజన్ ఆయిల్ కాదు. ఏసీ వేసినప్పుడు కారేది మామూలు నీరు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే అది రేడియేటర్‌లోని కూలెంట్. చక్రం దగ్గర పలుచని, లేత పసుపు ద్రవం కనిపిస్తే బ్రేకు ఆయిల్ కావచ్చు, ఆ బండిని కదపకూడదు. ఇంజన్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు తేనె రంగులో, పాతబడ్డాక నల్లగా ఉంటుంది.

రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిస్తే ఏ రంగు ద్రవం, ఏ భాగం కింద, ఎంత పడిందో తెల్లారేసరికి తెలుస్తుంది. నూనె మట్టం చూడడానికి డిప్‌స్టిక్ ఉంటుంది. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి, నూనె కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. మట్టం తగ్గుతున్నా కింద మచ్చ లేకపోతే నూనె లోపలే కాలిపోతూ ఉండవచ్చు. అప్పుడు సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తుంది.

నేను చేసిన పొరపాటు

మచ్చ ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కిందే పడుతోంది. వేలు పెట్టి చూస్తే చాంబర్ అంచంతా తడి. దారిలో ఉన్న ఒక షెడ్డుకు తీసుకెళ్ళి, నేనే వైద్యుడిలా "చాంబర్ ప్యాకింగ్ మార్చండి" అని చెప్పాను. మార్చారు. డబ్బు ఇచ్చాను. రెండు వారాలు తిరగకుండానే మచ్చ మళ్ళీ వచ్చింది.

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. రైల్వే పనుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి మెకానిక్ ఒకాయన నా కథంతా విని నవ్వారు. "చుక్క ఎక్కడ పడిందో చూశారు గానీ ఎక్కడ పుట్టిందో చూడలేదు మాస్టారూ!" అన్నారు.

వెతికే పద్ధతి

ఆయన మొదట చేసిన పని మరమ్మతు కాదు, శుభ్రం చేయడం. చల్లారిన ఇంజన్ మీది పాత జిడ్డునంతా బ్రష్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచారు. పాత తడి మధ్య కొత్త తడి కనిపించదు కదా! తర్వాత అనుమానం ఉన్న అతుకుల మీద తెల్లటి టాల్కం పౌడరు పలుచగా చల్లారు. బండిని పావుగంట నడిపించి తెచ్చి, ఇంజన్ ఆపి, టార్చిలైటుతో పై నుంచి కిందికి వెతికారు.

ఇక్కడ రెండు సూత్రాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, నూనె భూమ్యాకర్షణ వల్ల కిందికి జారుతుంది. కాబట్టి అన్నిటికన్నా పైనున్న తడినే అనుమానించాలి. రెండు, బండి పరుగెత్తేటప్పుడు కింది నుంచి వీచే గాలి నూనెను వెనక్కి నెడుతుంది. కాబట్టి అన్నిటికన్నా ముందున్న తడిని కూడా చూడాలి.

ఆయన అనుమానితుల వరుస ఇది: అన్నిటికన్నా పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్, క్రాంక్‌షాఫ్ట్ రెండు చివర్ల ఆయిల్ సీళ్ళు, చివరగా చాంబర్, దాని డ్రెయిన్ బోల్టు. నేను చివరి అనుమానితుడిని మొదట పట్టుకున్నానన్నమాట!

ట్యాపెట్ కవర్ వెనక మూలలో, చూపు సులువుగా ఆనని చోట, పౌడరు మీద సన్నని నల్లటి గీత దొరికింది. నూనె అక్కడ పుట్టి, ఇంజన్ వెనక గోడ మీదుగా దిగి, చాంబర్ అంచున చుక్కై పడుతోంది. అక్కడి రబ్బరు ప్యాకింగ్ వేడికి గట్టిపడిపోయింది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు లోపల కొంత వాయువు చేరుతుంది. అది బయటికి పోవడానికి పీసీవీ అనే చిన్న వాల్వు ఉంటుంది. మా కారులో అది మడ్డితో పూడిపోయింది. దారి లేని వాయువు లోపల ఒత్తిడి పెంచి, బలహీనంగా ఉన్న అతుకు గుండా నూనెను బయటికి తోస్తోంది. ప్యాకింగ్ ఒక్కటే మార్చి ఉంటే కొంతకాలానికి మరో చోట కారేది. రెండూ మార్చారు. నేను మొదట దండగ చేసిన దానికన్నా తక్కువే ఖర్చయింది. అట్టముక్క ఇప్పటికీ పొడిగానే ఉంది.

నా తరగతిలోని చుక్క

ఆ రోజు ఇంటికి వస్తూ మా ఆరో తరగతి అబ్బాయి ఒకడిని తలచుకున్నాను. వాడు "నీళ్ళు" అనే మాటను ప్రతిసారీ "నీల్లు" అని రాసేవాడు. యాభైసార్లు రాయించాను. యాభై ఒకటోసారి మళ్ళీ "నీల్లు"! కోప్పడ్డాను కూడా.

నాగపూర్‌లో, ఒడిశాలో నా విద్యార్థులకు ఈ ఇబ్బంది రాలేదు. మరాఠీలోనూ ఒడియాలోనూ "ళ" ఉంది. ఈ అబ్బాయి మాతృభాష బెంగాలీ. అందులో "ళ" లేదు. తప్పు వాడి నోటుపుస్తకంలో పడింది గానీ పుట్టింది చెవిలో. వినిపించని తేడాను చెయ్యి ఎలా రాస్తుంది? చాంబర్ ప్యాకింగ్ మార్పించినట్టే నేను వాడిచేత యాభైసార్లు రాయించాను.

మర్నాడు వాడిని పిలిచి, "నీ తప్పు కాదురా, నేనే సరిగ్గా వెతకలేదు" అని చెప్పాను. పుస్తకం మూయించి "ఇల్లు–ఇళ్ళు, ముల్లు–ముళ్ళు" అని పలుకుతూ, ఒకటా అనేకమా అని వేళ్ళతో చూపమన్నాను. మొదటి వారం సగం తప్పులే. నెల గడిచేసరికి వేళ్ళు తడబడడం మానేశాయి. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే "నీళ్ళు" సరిగ్గా రాశాడు.

ఒక హెచ్చరిక: జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. వేడి ఇంజన్‌ను తాకకండి. నడిపేటప్పుడు ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే వెంటనే బండి ఆపమని ఇంట్లో పెద్దలకు చెప్పండి. ఆ దీపం నూనె ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. మట్టం మాత్రం డిప్‌స్టిక్‌తోనే తెలుస్తుంది.

ఆలోచించండి – రాయండి

1. రెండు నిమిషాలకు ఒక చుక్క చొప్పున కారితే 15 రోజుల్లో ఎంత నూనె పోతుంది?
2. వెతకడానికి ముందు ఇంజన్‌ను ఎందుకు శుభ్రం చేయాలి?
3. మీరు మళ్ళీ మళ్ళీ చేసే తప్పు ఒకటి ఎంచుకోండి. అది ఎక్కడ కనిపిస్తోంది? ఎక్కడ పుడుతోంది? ఎందుకు పుడుతోంది? ఐదు వాక్యాల్లో రాయండి.