ప్రేగు ఆపరేషను తర్వాత పండ్లు, కూరగాయలు

కాలేజి సంచికలో ప్రేగుల గురించి వ్యాసమేమిటని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కాని మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషను జరిగితే మాత్రం ఈ పేజీ తీసి చదువుతారని నా నమ్మకం.

మా నాన్న కూరగాయల రైతు. ఎకరం బీర, అరెకరం బెండ, గట్ల వెంట సొరపాదులు. 2023 శ్రావణంలో ఆయనకు పెద్దప్రేగులో కుడివైపు గడ్డ ఉందని తేలింది. ఆ భాగాన్నీ, దాన్ని ఆనుకుని ఉన్న చిన్నప్రేగు కొసనూ కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు “కొన్నాళ్ళు పీచు తగ్గించండి” అన్నారు. ఎన్నాళ్ళో మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఊళ్ళో తలా ఒక మాట. ఒకరు వంకాయ వద్దన్నారు, ఒకరు ఆకుకూర వద్దన్నారు, ఇంకొకాయన అసలు కూరే వద్దన్నాడు. అన్నీ కూడితే మిగిలింది పెరుగన్నం. తోటనిండా కాయలు పెట్టుకుని ఆరు నెలలు మా నాన్న పెరుగన్నమే తిన్నారు. మనిషి సగమైపోయారు. పెళ్ళి భోజనాలకు పిలిస్తే అక్షింతలు వేసి వచ్చేసేవారు.

ఆరు నెలల తర్వాత, 2024 సంక్రాంతికి, నిగ్రహం తప్పింది. ఉడికించిన తేగలు రెండు తినేశారు. అర్ధరాత్రి కడుపులో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు. మలం లేదు, గాలి కూడా పోవడం లేదు. మా నాయనమ్మ ఆముదం పట్టమంది. అమ్మ మాత్రం వద్దని ఆటో పిలిపించింది. తర్వాత డాక్టరుగారు చెప్పారు: ప్రేగు మూసుకున్నప్పుడు విరేచనానికి మందు పడితే అది ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది, ప్రమాదం. నోటి వెంట ఏమీ ఇవ్వకుండా సెలైను పెట్టి, ముక్కులోంచి గొట్టం వేశారు. రెండో రోజుకు దానంతటదే విడిపోయింది. మళ్ళీ కోత లేకుండా బయటపడ్డాం.

ఆ రోజు డాక్టరుగారు మా నాన్నను నోరు తెరవమన్నారు. దవడపళ్ళు పైన రెండు, కింద ఒకటి! “పెద్దాయనా, తప్పు తేగది కాదు. నమలకుండా మింగారు” అన్నారు. ఆపరేషను గురించి ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారుగాని పళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు. కట్టుడుపళ్ళు పెట్టించాకే అసలు వైద్యం మొదలైందని నేనంటాను.

నేను బి.యస్సి. వృక్షశాస్త్రం విద్యార్థిని. అదే నెలలో ల్యాబులో కాండాన్ని పలచగా కోసి సాఫ్రనిన్ రంగు వేసి చూస్తున్నాం. గట్టిపడిన కణాలన్నీ ఎర్రగా కనిపించాయి. అది లిగ్నిన్. మా నాన్న కడుపులో అడ్డం పడ్డది ఈ ఎర్రటి దారాల్లాంటివే కదా అనిపించింది. ఆనాటి నుంచి పాఠం నాకు వేరుగా అర్థమవుతూ వచ్చింది.

పిండిపదార్థమూ, సెల్యులోజూ రెండూ గ్లూకోజు గొలుసులే. తేడా అంతా లింకులో ఉంది. పిండిలోని ఆల్ఫా లింకును తెంచే ఎంజైములు మనకున్నాయి, సెల్యులోజులోని బీటా లింకును తెంచేవి లేవు. ఆవుకు కూడా సొంతంగా లేవు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. అందుకే గడ్డి దానికి ఆహారం, మనకు చెత్త. లిగ్నిన్ చేరిందంటే ఇంకా మొండి. ఇక మూడోది పెక్టిన్. ఇది నీళ్ళలో కరిగి జిగురులా అవుతుంది. అరటిపండులో, తొక్క తీసిన ఆపిల్‌లో, ఉడికిన క్యారెట్‌లో ఉంటుంది. పెద్దప్రేగులో ఉండే బాక్టీరియా దీన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలే ప్రేగు లోపలి పొరకు ఆహారం. కాబట్టి పీచు మొత్తంగా మానేయడమంటే ప్రేగును పస్తుంచడమే.

నీళ్ళ విరేచనాల సంగతి కూడా చెప్పాలి. చిన్నప్రేగు నుంచి రోజుకు సుమారు లీటరున్నర ద్రవం పెద్దప్రేగులోకి వస్తుంది. అందులో చాలా భాగం అక్కడే పీల్చుకోబడి, వంద రెండు వందల మిల్లీలీటర్లు మాత్రం మలంతో పోతుంది. కుడిభాగం తీసేసినప్పుడు ఆ పని చేసే చోటు తగ్గుతుంది. మిగిలిన భాగం కొన్ని వారాల్లో, కొందరిలో నెలల్లో అలవాటు పడుతుంది. ఆ లోపల మెత్తటి అన్నం, అరటిపండు, చెక్కు తీసి ఉడికించిన బంగాళాదుంప బాగా పనికొచ్చాయి.

ఇక మా ఇంటి పద్ధతి. మామూలుగా మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు పీచు తగ్గించి, తర్వాత మెల్లగా కలుపుకోవచ్చునట. ఆ సంగతి మాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఒకసారికి ఒక్కటే కొత్త కాయ, అదీ రెండు మూడు చెంచాలు, పగటిపూటే. రెండు రోజులు చూడటం. ఏమీ లేకపోతే పెంచడం, ఇబ్బంది పెడితే నెల తర్వాత మళ్ళీ ప్రయత్నించడం. నా పాత రికార్డు పుస్తకం వెనక పేజీల్లో రాసేదాన్ని. సొరకాయ, పొట్లకాయ, బూడిదగుమ్మడి హాయిగా పోయాయి. క్యాబేజి గాలి పుట్టించింది. అది నొప్పి కాదు, మొహమాటం మాత్రమే. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రరంగు చూసి రక్తమనుకుని ఇల్లంతా బెంబేలెత్తాం. అది దుంప రంగేనని తర్వాత తెలిసింది.

వంట సంగతి మా అమ్మ చూసుకుంది. టమాటాలు వేడినీళ్ళలో వేసి తొక్క ఒలిచి, గింజలు వడకట్టి చారు పెట్టింది. తోటకూరకు లేత ఆకులు మాత్రమే, కాడలు కోళ్ళకు. వంకాయ ముదురు గింజ ఉంటే పక్కన పెట్టేది. బత్తాయి తొనల మీది తెల్లపొర తీసి ఇచ్చేది. ములక్కాడకు కొత్త పాఠమే అక్కరలేదు. గుజ్జు పీల్చి పీచు ఉమ్మేయడం మనకు అలవాటే.

కాని ఏ కాయ ముదురో ఏది లేతో చెప్పింది మాత్రం మా నాన్నే. ఎండిన బీరపీచుతో ఒళ్ళు తోముకుంటాం కదా, అదే బీరకాయ లేతగా ఉన్నప్పుడు నోట్లో కరిగిపోతుంది. తోటలో నాలుగు రోజులు ఎక్కువుంటే చాలు, లోపలి నాళాలు నారగా మారతాయి. అంటే ఫలానా కూర మంచిది, ఫలానాది చెడ్డదని పట్టిక రాసి గోడకు అంటిస్తే సగం తప్పే. వయస్సు కూడా రాయాలి. బెండకాయ కొస తుంచితే పుటుక్కున విరగాలి, వంగితే వద్దు. సొరకాయ మీద గోరు దిగాలి. ఈ పరీక్షలు ఆయన బేరగాళ్ళ కోసం నేర్చుకున్నారు, ఇప్పుడు తన కంచం కోసం వాడుకుంటున్నారు. “ఏమ్మా, మీ కాలేజీలో ఇది చెప్పారా?” అని నన్నడిగారు. చెప్పలేదు నాన్నా. (మా హాస్టలు మెస్సులో గోరుచిక్కుడు వేపుడు తిన్నవాళ్ళకు, నార గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.)

మామిడిలోనూ ఇంతే. రసాల్లో పీచు ఎక్కువ, పిండి వడకడితే తప్ప వద్దనుకున్నాం. బంగినపల్లిలో పీచు దాదాపు లేదు, తొక్క తీసి ముక్కలు కోసి ఇచ్చాం. కొబ్బరి ముక్కలు, పచ్చి మొక్కజొన్న, పుట్టగొడుగులు, పనసతొనలు మాత్రం సరిగా నమలకపోతే ముద్దగా అడ్డం పడే జాతి. చిన్నప్రేగును పొట్టమీదికి తెచ్చి సంచి పెట్టినవారు వీటితో మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళకు నీరూ ఉప్పూ కూడా ఎక్కువగా పోతాయి. ఉత్త నీళ్ళూ కొబ్బరినీళ్ళూ ఎంత తాగినా ఉప్పు లోటు తీరదు, ఓ.ఆర్.ఎస్. కావాలి.

ఇదంతా మా నాన్న ఒక్కరి కడుపు అనుభవం. ఎవరికి ఏ భాగం తీశారో దాన్నిబట్టి మారుతుంది కనుక, మొదలుపెట్టేముందు ఆపరేషను చేసిన డాక్టరుగారిని “ఎన్ని వారాలు?” అని తప్పక అడగండి. మేము అడగకపోబట్టే ఆరు నెలలు పెరుగన్నం. మెలిపెట్టే నొప్పి, వాంతి, మలమూ గాలీ ఆగిపోవడం, ఈ మూడూ కలిసి వస్తే ఇంట్లో ఏ మందూ వేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

మొన్న వేసవిలో మా మేనమామ కూతురి పెళ్ళికి నాన్న పంక్తిలో కూర్చున్నారు. విస్తట్లో వడ్డించిన దొండకాయ వేపుడు ముక్క ఒకటి తీసి వేళ్ళతో నొక్కి చూసి, పక్కన పెట్టారు. బీరకాయ పప్పు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు. జామకాయ ఇంకా మొదలుపెట్టలేదు. గింజలు తీసి గుజ్జు చేసి చూద్దామని అమ్మ అంటోంది, జామకాయను అలా తినడంకంటే మానుకోవడం మేలని ఆయనంటున్నారు.