బాక్సు దించే ముందు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి కిరణ్‌కు,

పెద్ద స్కానరు కొన్నావనీ, షెడ్డు ముందు ‘ఆటోమేటిక్ గేర్ బాక్సులు బాగుచేయబడును’ అని బోర్డు కూడా పెట్టావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం నాన్నా. నువ్వు వాట్సాపులో పంపిన ఫోటో చూశాను. పి 0700, పి 0733, పి 0735, పి 0736. ‘రేపు పొద్దున బాక్సు దించేస్తున్నా పెదనాన్నా’ అని కింద రాశావు. రేపు దించకు. కస్టమరుకి రెండు రోజులు ఆగమని చెప్పు. ఫోనులో చెబితే సగం గుర్తుండదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా పి 0700. గేర్ బాక్సు కంప్యూటరు ‘నా దగ్గర ఒక కోడు ఉంది, లైటు వెలిగించు’ అని ఇంజిన్ కంప్యూటరుకు చెప్పిందని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఊరి పేరు చెప్పి ఇంటి నంబరు చెప్పకపోవడం లాంటిది. తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ స్కానరు ముక్కలు చాలావరకు ఇంజిన్ కంప్యూటరును మాత్రమే చదివి ఇక్కడే ఆగిపోతాయి. నీ స్కానరు గేర్ బాక్సు కంప్యూటరు దాకా వెళ్లి మిగతా మూడు కోడ్లూ తెచ్చింది కాబట్టి నువ్వు పెట్టిన డబ్బు వృథా కాలేదు.

ఇప్పుడు ఆ మూడు చూడు. మూడో గేరు నిష్పత్తి తప్పు, ఐదో గేరు నిష్పత్తి తప్పు, రివర్సు నిష్పత్తి తప్పు. మూడు కోడ్లంటే మూడు జబ్బులని భయపడి, బాక్సు మొత్తం పోయిందని నిర్ణయించావు. కంప్యూటరు ఆ మాట ఎక్కడా అనలేదు. అది చేసింది ఒక లెక్క. లోపలికి వచ్చే వేగాన్ని, అంటే టర్బైన్ తిరుగుడును, బయటికి వెళ్లే వేగంతో భాగించింది. మూడో గేరు నిష్పత్తి 1.8 అనుకుందాం. బయటి షాఫ్టు నిమిషానికి 1000 తిరుగుతుంటే టర్బైన్ 1800 తిరగాలి. 2100 చూపిస్తే ఎక్కడో ఏదో జారుతోంది, లేదా ఎవరో తప్పు అంకె చెబుతున్నారు. కోడు అక్కడితో ఆగుతుంది. ఏది జారుతోందో, ఎందుకు జారుతోందో కనిపెట్టాల్సింది నువ్వు.

ఆ బండి సర్వీసు మాన్యువల్‌లో ఏ గేరుకు ఏ క్లచ్చులు పడతాయో చూపే పట్టిక ఉంటుంది. ఆటోమేటిక్ పని చేసేవాడికి అంతకంటే విలువైన కాగితం లేదు. దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించుకో. నీ బండిలో ఉన్న తరహా ఆరు గేర్ల బాక్సులు చాలావాటిలో మూడు, ఐదు, రివర్సు ఈ మూడింటికీ ఒకే క్లచ్చు ఉంటుంది. మూడో గేరులో దానికి తోడుగా పట్టే క్లచ్చు ఒకటి, రెండు, నాలుగు గేర్లలో కూడా పనిచేస్తుంది. ఐదో గేరులో తోడుపడేది నాలుగు, ఆరు గేర్లలోనూ ఉంటుంది. ఒకటి, రెండు, నాలుగు, ఆరు శుభ్రంగా పడుతున్నాయని నువ్వే రాశావు. అంటే ఆ తోడు క్లచ్చులు రెండూ బాగున్నట్టే. వేగం చూసే సెన్సార్లు రెండూ కూడా నిజమే చెబుతున్నట్టు, ఎందుకంటే సెన్సారు తప్పు చెబితే అన్ని గేర్లలోనూ లెక్క తప్పుతుంది. మూడు కోడ్లు కలిసి ఒకే క్లచ్చు వైపు వేలు చూపిస్తున్నాయి. ఒక్క బోల్టు విప్పకుండా ఇంత దూరం వచ్చాం, చూశావా.

అయితే వేలు చూపిన చోట క్లచ్చు పలకలే కాలిపోయి ఉండాలని లేదు. ఆ క్లచ్చుకు నూనె పంపే సోలనాయిడ్ ఉంది, వాల్వ్ బాడీలో వాల్వు ఉంది, పిస్టను సీలు ఉంది, వీటన్నిటికీ ముందు అసలు నూనె ఉంది. స్కానరు తెర మీద కనిపించేవాటిని రెండు రాశులుగా విడదీసి చూడటం అలవాటు చేసుకో. కంప్యూటరు ఏం ఆజ్ఞ ఇచ్చింది అన్నది ఒక రాశి, నిజంగా ఏం జరిగింది అన్నది రెండో రాశి. తెర మీద ‘గేరు 3’ అని కనబడితే మూడో గేరు పడిందని కాదు, చాలా బళ్లలో అది మూడు వేయమని ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. పడిందో లేదో టర్బైన్ వేగం, బయటి షాఫ్టు వేగం చెబుతాయి. ఆ రెండు రాశులకూ మధ్యనున్న తేడాలోనే మన పనంతా ఉంది.

కోడ్ల భాషలోనే ఈ విభజన కొంత కనిపిస్తుంది. పి 0973, పి 0974 లాంటివి సోలనాయిడ్ కరెంటు దారి గురించి: వైరు తెగడం, షార్టు కావడం, కనెక్టరు వదులు కావడం. అక్కడ మల్టీమీటరు పట్టుకోవాలి. పి 0751 అయితే కరెంటు వెళ్లినా పని జరగలేదని. అక్కడ నూనె, వాల్వు, సీలు చూడాలి. మొదటి రకానికి బాక్సు విప్పినవాడూ, రెండో రకానికి వైరింగు మొత్తం మార్చినవాడూ ఇద్దరూ కస్టమరు డబ్బే పాడుచేస్తారు.

నీ బండికి ఎలక్ట్రికల్ కోడు ఏదీ రాలేదు. అయినా బ్యాటరీ చూడు. వోల్టేజీ తక్కువైతే ఈ కంప్యూటర్లు లేనిపోని కోడ్లు పుట్టిస్తాయి. కొన్ని కంప్యూటర్లు మాట్లాడుకోవడం లేదని వస్తే, ఉదాహరణకు యు 0101 వస్తే, బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలువు. 60 దగ్గర ఉండాలి. 120 చూపిస్తే ఆ కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ లైను ఎక్కడో తెగిందని అనుమానించు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగాక, మా ఆటోనగర్‌కు ఇలాంటి బళ్లు చాలా వచ్చాయి. సీట్లు ఆరబెట్టి, ఇంజిన్ ఆయిలు మార్చి నడుపుకున్నారు. కార్పెట్టు కింది కనెక్టర్లలో పచ్చటి తుప్పు పట్టి, నెలల తర్వాత గేర్లు పిచ్చిపిచ్చిగా పడటం మొదలైంది. సెకండ్ హ్యాండ్ బండి వస్తే కార్పెట్టు ఎత్తి వాసన చూడటం మరిచిపోకు. ఏ స్కానరూ చెప్పని సంగతి అది.

కోడు చెరిపేసే బటన్ దగ్గరికి నీ వేలు తొందరపడి వెళ్లకూడదు. కోడు పడిన క్షణంలో వేగమెంత, నూనె వేడి ఎంత, యాక్సిలరేటరు ఎంత నొక్కి ఉంది అన్నది దానితోపాటే దాచి ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. ముందు ఫోటో తీసి జాబు కార్డుకు జతచెయ్యి. చల్లగా ఉన్నప్పుడు జారి, వేడెక్కాక సర్దుకుంటే సీళ్లు గట్టిపడ్డాయేమో చూడాలి. వేడెక్కాకే జారితే ప్రెషరు ఎక్కడో కారిపోతుండవచ్చు. అడాప్టేషన్ విలువలు కూడా అలాగే. క్లచ్చు అరిగేకొద్దీ కంప్యూటరు దాన్ని నింపే సమయాన్నీ ఒత్తిడినీ సర్దుకుంటూ వస్తుంది. వాటిని రాసుకోకుండా రీసెట్ చేస్తే అది అంతకాలం కప్పిపెట్టిన జబ్బంతా ఒక్కసారి బయటపడుతుంది. నీ చేతిలోనే పాడైందని కస్టమరు అంటాడు.

నూనె గురించి కాస్త గట్టిగా చెప్పాలి. షార్జాలో నేను పనిచేసిన రోజుల్లో, ఎండాకాలంలో వచ్చే ఆటోమేటిక్ కేసుల్లో నూనె మాడిపోయినవే ఎక్కువ. అప్పట్లో డిప్ స్టిక్ తీసి, వేలితో రాసి, వాసన చూసేవాళ్లం. ఇప్పుడు చాలా బళ్లకు డిప్ స్టిక్కే లేదు. నూనె మాన్యువల్ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగా, లెవెలు ప్లగ్గు తీసి చూడాలి. ఆ వేడి ఎంతో స్కానరే చెబుతుంది. మరీ వేడి మీద తీస్తే, ఉబ్బిన నూనె ఎక్కువ కారిపోయి తర్వాత తక్కువవుతుంది. చల్లగా ఉన్నప్పుడు నింపితే ఎక్కువవుతుంది. ఏ నూనె పోశారో కూడా అడుగు. సీవీటీ బాక్సులో మామూలు ఆటోమేటిక్ నూనె (ఏటీఎఫ్) పోసినవాళ్లను చూశాను. నూనె గులాబీ రంగు పాలలా ఉంటే, రేడియేటరు లోపలి కూలరు పగిలి నీళ్లు కలిశాయి. అప్పుడు ఇక కోడ్లు చూడనక్కర్లేదు.

ట్రయలుకు వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. నడిపేవాడు తెర చూడకూడదు. ఈ మాట పెదనాన్న ఆజ్ఞ అనుకో. తెర మీద ఉన్నవన్నీ ఎంచుకోకు. లైన్లు ఎక్కువైతే అంకెలు నెమ్మదిగా మారతాయి, అర సెకను జారుడు వాటి మధ్య తప్పిపోతుంది. ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం, బయటి షాఫ్టు వేగం, ఆజ్ఞ ఇచ్చిన గేరు, నూనె వేడి, ఆ సోలనాయిడ్ కరెంటు. ఈ ఆరు చాలు. రికార్డు చేసి షెడ్డుకు వచ్చాక గ్రాఫు చూడు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు టర్బైన్ వేగం దిగాలి, దిగకుండా పైకి లేస్తే అదే జారుడు. గీత ఉన్నట్టుండి సున్నాకు పడి మళ్లీ లేస్తే అది వైరో, సెన్సారో. క్లచ్చు అలా జారదు. టార్క్ కన్వర్టరు లాకప్పు వణుకు అనుమానం ఉన్న బండికైతే ఇంకో చిట్కా: 60, 70 కిలోమీటర్ల వేగంలో వణుకుతుంటే యాక్సిలరేటరు అలాగే ఉంచి బ్రేకు మీద ఎడమకాలు తేలిగ్గా ఆనించు. బ్రేకు స్విచ్చి కలవగానే లాకప్పు వదులుతుంది. వణుకు వెంటనే పోతే టార్క్ కన్వర్టరు వైపు చూడు, పోకపోతే ఇంజిన్ మిస్ ఫైరు వెతుకు.

ఇదంతా టార్క్ కన్వర్టరు ఉన్న బాక్సుల సంగతి. 2014లో సెలెరియోతో మన దగ్గర పాకిన ఏఎంటీ లోపల మామూలు మాన్యువల్ బాక్సే, దానికి క్లచ్చు అరుగుదల, యాక్చుయేటరు ప్రెషరు చూడాలి. పొడి క్లచ్చుల డీసీటీకి మీ హైదరాబాదు ట్రాఫిక్కే పరీక్ష, అక్కడ క్లచ్చు వేడి చూడు. వాటి గురించి మరోసారి రాస్తాను.

ఇక నీ బండి. నూనె లెవెలు, రంగు చూడు. మూడో గేరులో ఆ సోలనాయిడ్‌కు ఆజ్ఞ ఇచ్చిన కరెంటూ, నిజంగా వెళ్లిన కరెంటూ పోల్చు. రెండూ కలిస్తే వైరింగు మీద అనుమానం తీసెయ్యి. పాన్ దించి అయస్కాంతం చూడు. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే, పలుకులు, నల్లటి పొర ముక్కలు కనిపిస్తే మామూలు కాదు. వాల్వ్ బాడీని చాలా బళ్లలో బాక్సు దించకుండానే తీయొచ్చు. తీశాక ఆ క్లచ్చు రంధ్రంలోకి గాలిని రెండు మూడు బార్లకు తగ్గించి పంపు. పిస్టను ‘డబ్’ మని కదిలి నిలబడితే సీలు బాగుంది, వాల్వ్ బాడీని వెతుకు. బుస్సుమని కారుతూనే ఉంటే, లేదా పాన్‌లో క్లచ్చు పలకల పొర ఉంటే, అప్పుడు దించు. అప్పుడు దించడం న్యాయం.

ఈ పరీక్షకు పట్టే గంటలకు డబ్బు అడగడానికి మొహమాటపడకు. ‘స్కానింగ్ ఫ్రీ’ అని రాసినవాడు ఆ డబ్బును మరోచోట బిల్లులో కలుపుతాడు. ముందే చెప్పు, ఒప్పుకుంటేనే చెయ్యి, దొరికినదాన్ని గ్రాఫుతో సహా కస్టమరుకు చూపించు. ఆటోమేటిక్ బాక్సు రిపేరంటే మామూలు ఇంటి మీద పడే భారం చిన్నది కాదు. చాలామంది ఇంకా బండి వాయిదాలు కడుతూనే ఉంటారు.

రికార్డు చేసిన ఫైలు, అయస్కాంతం ఫోటో నాకు పంపు. సాయంత్రం 7 తర్వాత ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. వాల్వ్ బాడీ విప్పేటప్పుడు కావాలంటే బస్సెక్కి వస్తాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న